సినిమా చూసి మాట్లాడుకునే ఊరు

ఒకప్పుడు మన ఊళ్ళకు టూరింగ్ టాకీసు వచ్చేది. ఊరి చివర ఖాళీ స్థలంలో డేరా వేసేవారు. పొద్దు గూకగానే మైకులో ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట వినిపించేది. ఆ పాట వినపడితే ఆట మొదలవబోతోందని గుర్తు. ఆడవాళ్ళు వంట గబగబా ముగించేవారు. చంటిపిల్లను చంకన వేసుకుని బయలుదేరేవారు. నేల టికెట్టు కొనుక్కుని ఇసుకలో కూర్చునేవారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. మధ్యలో అడ్డు.

ఇప్పుడా డేరాలు దాదాపు పోయాయి. ఇంట్లో టీవీ ఉంది. చేతిలో సెల్‌ఫోను ఉంది. సినిమా ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు.

కానీ ఒక సంగతి పెద్దగా మారలేదు. ఏ సినిమా వెయ్యాలో ఊరి ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు. డేరా యజమాని తెచ్చిందే చూశారు. తర్వాత టీవీ వాళ్ళు వేసింది చూశారు. చూశాక లేచి ఇంటికి వెళ్ళారు. "సినిమా ఎట్లా ఉంది?" "బాగుంది." అంతటితో మాట అయిపోయింది.

మన పక్క రాష్ట్రం కర్ణాటకలో ఒక పల్లె వేరే దారి పట్టింది. ఆ పల్లె పేరు హెగ్గోడు.

వక్క తోటల ఊరు

హెగ్గోడు శివమొగ్గ జిల్లాలో ఉంది. సాగర అనే చిన్న పట్నం దానికి దగ్గర. అవి పడమటి కనుమలు. వానలు బాగా పడతాయి. ఊరి చుట్టూ వక్క తోటలు. తోట ఉన్నవాళ్ళు తోట చేసుకుంటారు, లేనివాళ్ళు కూలికి వెళ్తారు.

ఆ ఊరి జనానికి నాటకాలంటే ఇష్టం. 1949లో వాళ్ళు ఒక నాటక సంఘం పెట్టుకున్నారు. దానికి తాము కొలిచే దేవుడి పేరు పెట్టారు. నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘం. పేరు పొడుగైంది కదా! అందుకని కొన్ని అక్షరాలు ఏరి, కలిపి, "నీనాసం" అని పిలుచుకున్నారు.

ఈ పనిలో ముందు నిలిచినవారు కె.వి. సుబ్బణ్ణ. ఆయన 1932లో పుట్టారు. వక్క తోట ఉన్న రైతు. చదువుకుని కూడా ఊరు వదలలేదు. కన్నడంలో పుస్తకాలు రాశారు, అచ్చు వేశారు. ఆయన పుస్తకాల సంస్థ పేరు "అక్షర".

1973లో సుబ్బణ్ణ, ఆయన తోటివాళ్ళు నీనాసంలోనే ఒక సినిమా సంఘం పెట్టారు. దాన్ని "చిత్ర సమాజ" అన్నారు. ఇంగ్లీషులో ఇలాంటి సంఘాన్ని ఫిల్మ్ సొసైటీ అంటారు.

ఫిల్మ్ సొసైటీ అంటే ఏమిటి? సినిమా హాలుకీ దీనికీ తేడా ఏమిటి? హాలు వ్యాపారం. ఎక్కువ టికెట్లు తెగే సినిమానే అక్కడ వేస్తారు. సొసైటీలో లాభం లెక్క లేదు. సభ్యులు చందా వేసుకుంటారు. ఏ సినిమా చూడాలో కూర్చుని అనుకుంటారు. దాన్ని తెప్పించుకుంటారు. అనుకున్న రోజున అందరూ కలిసి చూస్తారు. చూశాక దాని గురించి మాట్లాడుకుంటారు. ఆ చివరి పని లేకపోతే అది సొసైటీ కాదు, ఉచితంగా సినిమా చూడటం మాత్రమే.

మన దేశంలో ఇలాంటి సంఘాలు హెగ్గోడు కంటే ముందే ఉన్నాయి. 1947లో, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, కలకత్తాలో ఒకటి మొదలైంది. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు దాన్ని పెట్టారు. 1959లో ఇలాంటి సొసైటీలన్నీ కలిసి ఒక సమాఖ్య అయ్యాయి. కానీ అవి ఎక్కువగా పట్నాలవి. ఇంగ్లీషు చదువులు చదివినవాళ్ళవి.

పల్లెలో వాళ్ళకు పరాయి దేశాల సినిమాలు ఏం అర్థమవుతాయి? భాష రాదు. ఆ వేషం తెలియదు. పాటలుండవు, ఫైటింగులుండవు. ఇట్లా అనేవాళ్ళు చాలామంది ఉండేవారు.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "ఈ వయసులో నీకు చదువేం వస్తుంది?" అన్నవాళ్ళ గొంతు కూడా ఇలాగే ఉంటుంది.

రీళ్ళ పెట్టెలు

మరి ఆ సినిమాలు హెగ్గోడుకు ఎక్కడి నుంచి వచ్చాయి?

మహారాష్ట్రలోని పుణెలో పాత సినిమాలు దాచే ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. దాన్ని 1964లో పెట్టారు. అక్కడ పి.కె. నాయర్ అనే ఆయన చాలా ఏళ్ళు పనిచేశారు. సినిమా రీళ్ళను ఏరి తెచ్చి, చెడిపోకుండా దాచడమే ఆయన పని. దాచి తాళం వేసి కూర్చోలేదు. సినిమా జనం చూడాలి అనుకున్నారు. హెగ్గోడు లాంటి పల్లెకు కూడా రీళ్ళు పంపించారు.

ఇక్కడ రీలు సంగతి కొంచెం తెలుసుకోవాలి. సినిమా బొమ్మ నిజంగా కదలదు. రీలు మీద వరుసగా చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. ఒక్కో బొమ్మకూ పక్క బొమ్మకూ రవ్వంత తేడా. వాటిని వెలుతురు ముందు నుంచి వేగంగా నడిపిస్తారు. సెకనుకు 24 బొమ్మలు. కంటికి అది కదిలినట్టు అనిపిస్తుంది. నిమిషానికి 1,440 బొమ్మలు. రెండు గంటల సినిమాకు 1,72,800 బొమ్మలు. కావాలంటే కాగితం తీసుకుని లెక్క వేసి చూడండి.

సినిమా హాళ్ళలో వెడల్పు రీలు ఉండేది. 35 మిల్లీమీటర్లు. దానికి పెద్ద మిషను కావాలి. పల్లెల్లో తిరిగే సంఘాలు ఎక్కువగా 16 మిల్లీమీటర్ల రీలు వాడేవి. అంటే బొటనవేలి గోరంత వెడల్పు. మిషను కూడా చిన్నది. ఒక మనిషి మోసుకుపోవచ్చు. ఇప్పుడు రీళ్ళు పోయాయి. అరచేతిలో పట్టేంత వస్తువులో ఎన్నో సినిమాలు పడుతున్నాయి.

దుప్పట్లు తాకట్టు పెట్టిన మరియ

హెగ్గోడు జనం చూసిన సినిమాల్లో ఒకటి "బైసికిల్ థీవ్స్". అంటే సైకిలు దొంగలు. ఇటలీ దేశం సినిమా. 1948లో వచ్చింది. తీసినవారు విట్టోరియో డి సికా.

కథ చిన్నది. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే అయిపోయింది. రోమ్ నగరంలో పని దొరకడం లేదు. ఆంటోనియో అనే ఆయనకు ఎట్టకేలకు ఒక పని దొరికింది. గోడల మీద వాల్‌పోస్టర్లు అంటించే పని. అయితే సొంత సైకిలు ఉండాలి అన్నారు. ఆయన సైకిలు తాకట్టులో ఉంది. విడిపించడానికి డబ్బు లేదు.

అప్పుడు ఆయన భార్య మరియ ఏం చేసింది? ఏడుస్తూ కూర్చోలేదు. మంచం మీది దుప్పట్లు లాగింది. మూట కట్టింది. తీసుకుపోయి తాకట్టు పెట్టింది. దుప్పటి లేకుండా పడుకోలేమా ఏం అంది. ఆ డబ్బుతో సైకిలు విడిపించారు. ఆ తాకట్టు కొట్టులో దుప్పటి మూటలు పై కప్పు దాకా పేర్చి ఉంటాయి. ఎన్ని ఇళ్ళ దుప్పట్లో! ఒక్క మాట లేకుండా ఆ ఊరి కష్టమంతా ఆ బొమ్మలో కనిపిస్తుంది.

పనిలో చేరిన మొదటి రోజే సైకిలు పోయింది. ఎవడో ఎక్కి తొక్కుకుంటూ పోయాడు. తండ్రి, చిన్న కొడుకు బ్రూనో ఊరంతా వెతికారు. దొరకలేదు. చివరికి తండ్రి మనసు చెదిరింది. గోడకు ఆనించి ఉన్న ఒక సైకిలు ఆయనే ఎత్తుకుపోబోయాడు. జనం పట్టుకున్నారు. కొట్టారు. కొడుకు కళ్ళ ముందే. సైకిలు సొంతదారు ఆ పిల్లవాడి ముఖం చూసి వదిలేశాడు. తండ్రి తల దించుకుని నడుస్తుంటే పిల్లవాడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అంతే సినిమా.

ఆంటోనియో వేషం వేసినాయన నటుడు కాదు. ఫ్యాక్టరీలో పనిచేసే కూలీ.

ఇప్పుడు చెప్పండి. ఇది అర్థం కావడానికి ఇటలీ భాష రావాలా? తాకట్టు కొట్టు గుమ్మం ఎక్కిన ఏ ఆడమనిషికైనా మరియ తెలిసిన మనిషే. పట్నంలో పుట్టి తాకట్టు ఎరగనివాళ్ళ కంటే పల్లె ఆడవాళ్ళకే ఈ సినిమా త్వరగా అందుతుంది.

ఈ సినిమాకూ మన దేశానికీ ఇంకో సంబంధం ఉంది. కలకత్తా సంఘం పెట్టిన సత్యజిత్ రాయ్ 1950లో లండన్‌లో దీన్ని చూశారు. ఇలా కూడా సినిమా తీయొచ్చని ఆయనకు ధైర్యం వచ్చింది. తిరిగి వచ్చి "పథేర్ పాంచాలి" తీశారు. మధ్యలో డబ్బు అయిపోయింది. భార్య నగలు తాకట్టుకు వెళ్ళాయి. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సాయం చేసింది. 1955లో సినిమా విడుదలైంది.

అది ఒక బెంగాల్ పల్లెలో పేద పురోహితుడి ఇంటి కథ. దుర్గ అనే ఆడపిల్ల, అపు అనే తమ్ముడు. తిండి పెట్టేవాళ్ళు లేని ముసలి మేనత్త. ఉన్నదాన్ని అందరికీ సర్దలేక విసుక్కునే తల్లి. పొరుగింటి వాళ్ళు దుర్గ మీద పూసల దండ దొంగతనం మోపుతారు. తల్లి కూతుర్ని జుట్టు పట్టి ఈడ్చి కొడుతుంది. తర్వాత వానలో తడిసి, జ్వరం వచ్చి దుర్గ చనిపోతుంది. ఊరి నుంచి తండ్రి కూతురి కోసం చీర తెస్తాడు. ఆ చీర చూసి తల్లికి అప్పటిదాకా ఆగిన ఏడుపు వస్తుంది. ఊరు వదిలి వెళ్ళేటప్పుడు తమ్ముడికి ఆ పూసల దండ దొరుకుతుంది. ఎవరికీ చెప్పడు. తీసుకుపోయి చెరువులో పారేస్తాడు.

హెగ్గోడులో ఈ సినిమా కూడా చూపారు. జపాన్ వారి "రషోమన్" కూడా చూపారు. అది 1950 నాటిది. తీసినవారు కురొసావా. అడవిలో ఒక ఆడమనిషి మీద దొంగ అఘాయిత్యం చేశాడు. ఆమె భర్త చచ్చిపడి ఉన్నాడు. ఏం జరిగిందో నలుగురు చెబుతారు. నాలుగూ నాలుగు రకాలు. ఎవరి మాట నమ్మాలి? మన ఊరి పంచాయితీలో రోజూ వచ్చే ప్రశ్నే ఇది. ఆడదాని మాట ఎంతవరకు వింటారు అన్నది కూడా అందులోనే ఉంది.

2012లో నాయర్ గారి గురించి ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో హెగ్గోడు రైతులు కూడా మాట్లాడారు. ఎప్పుడో చూసిన ఆ సినిమాలను వాళ్ళు తలచుకుని చెప్పారు. సుబ్బణ్ణకు 1991లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. ఆయన 2005లో చనిపోయారు.

జోలె పట్టి తీసిన సినిమా

హెగ్గోడు వాళ్ళు సినిమాను ఊరికి రప్పించుకున్నారు. కేరళలో కొందరు ఇంకో అడుగు వేశారు. 1984లో జాన్ అబ్రహాం అనే దర్శకుడు, ఆయన స్నేహితులు "ఒడేసా" అనే బృందం కట్టారు. మిషను తీసుకుని ఊరూరా తిరిగారు. చాప్లిన్ తీసిన "ది కిడ్" చూపించారు. అంటే పసివాడు. "మీరు ఇచ్చే డబ్బుతో మీ సినిమా తీస్తాం" అని జనాన్ని అడిగారు. ఇష్టమైనవాళ్ళు తోచింది వేశారు.

ఆ డబ్బుతో 1986లో "అమ్మ అరియాన్" అనే సినిమా తీశారు. అమ్మకు తెలియజేయడానికి అని దాని అర్థం. దారిలో ఒక యువకుడి శవం కనబడుతుంది. అతని తల్లికి ఈ కబురు చెప్పాలి. అందుకోసం ఒకడు బయలుదేరతాడు. దారిలో ఒక్కొక్కరే అతనితో కలుస్తారు. వాళ్ళందరికీ తల్లులు ఉన్నారు. ఆ సినిమాను కూడా హాళ్ళకు అమ్మలేదు. మళ్ళీ ఊరూరా మోసుకుపోయి చూపారు. మరుసటి ఏడాదే, 1987లో, జాన్ అబ్రహాం చనిపోయారు.

మన దగ్గర? జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ దగ్గరి పల్లెల్లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న రైతులు. చాలామంది బడికి వెళ్ళలేదు. వాళ్ళు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. విత్తనాల మీద, పంటల మీద సినిమాలు తీశారు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల మీద కూడా తీశారు.

కెమెరా పెట్టే తీరుకు ఆ స్త్రీలు పెట్టుకున్న పేర్లు వినండి. పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. దొర ఎత్తున కూర్చుని కూలివాళ్ళను చూసినట్టు. కింది నుంచి పైకి చూస్తే బానిస షాట్. కూలి మనిషి దొరను తల ఎత్తి చూసినట్టు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా పెడితే సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు కదా! ఇంత తేలిగ్గా ఈ సంగతి చెప్పిన పుస్తకాలు తక్కువ.

ఆడవాళ్ళు రావాలంటే

ఊళ్ళో నెలకొక సినిమా వేసుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ప్రొజెక్టరు అద్దెకు దొరుకుతుంది. సున్నం కొట్టిన గోడ అయినా తెరే. బడి ఉంది. సంఘం గది ఉంది. కష్టమంతా వేరే చోట ఉంది.

రాత్రి తొమ్మిదింటికి ఆట పెడితే ఎవరు వస్తారు? మగవాళ్ళు వస్తారు. ఆడవాళ్ళు అప్పటికి గిన్నెలు తోముతూ ఉంటారు. లేదా తిరిగి వెళ్ళేటప్పుడు చీకటికి భయపడతారు. కాబట్టి వేళను ఆడవాళ్ళే పెట్టాలి. చంటిపిల్లలు ఏడుస్తారు. ఏడ్చినా ఎవరూ కసురుకోకూడదు. ముందు వరుసలు మగవాళ్ళు పట్టేస్తే వెనక నుంచి చూడటం చూడటం కాదు.

ఇంకో చిక్కు ఉంది. పరాయి భాష సినిమాల్లో తెర అడుగున అక్షరాలు వస్తాయి. ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి. తెలుగులో ఉన్నా గబగబా మారిపోతాయి. కొత్తగా చదువు నేర్చినవాళ్ళు కూడబలుక్కునేలోగా వెళ్ళిపోతాయి. అందుకు సిగ్గుపడక్కర్లేదు. ఆ అక్షరాలను అందుకోవడం బాగా చదివేవాళ్ళకే ఒక్కోసారి కష్టం. ఒకరు ముందుగా కథ చెప్పాలి, చివర మాత్రం దాచుకోవాలి. సినిమా నడిచేటప్పుడు ఒకరు గట్టిగా తెలుగులో చెబుతూ ఉండాలి.

దీపాలు వెలిగాక ఏం జరుగుతుంది అన్నదే అసలు సంగతి. సాధారణంగా ఒక పెద్దమనిషి లేచి అరగంట మాట్లాడతాడు. "ఈ సినిమా మనకు నేర్పే నీతి ఏమిటంటే" అంటాడు. అందరూ లేచి వెళ్ళిపోతారు. అలా కాకుండా గుండ్రంగా కూర్చోండి. మొదట ఆడవాళ్ళు మాట్లాడాలని నియమం పెట్టుకోండి. "బాగుందా?" అని అడగొద్దు. "కంట్లో ఏ బొమ్మ నిలిచింది?" అని అడగండి. దానికి తప్పు జవాబు లేదు. ఎవరో ఒకరు దుప్పట్ల మూట అంటారు. ఇంకొకరు పిల్లవాడి చెయ్యి అంటారు. అక్కడి నుంచి మాట దానంతట అదే సాగుతుంది.

రెండు చట్టం మాటలు కూడా తెలిసి ఉండాలి. పదిమందికి చూపే సినిమాకు సెన్సారు సర్టిఫికెట్టు ఉండాలి. సినిమా మీద హక్కు ఉన్నవాళ్ళ అనుమతి కూడా కావాలి. మన చట్టం ప్రకారం సినిమా విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్ళ దాకా ఆ హక్కు ఉంటుంది.

మొదటి ఆటకు "ది కిడ్" మంచిది. 1921 నాటి మూకీ సినిమా. మాటలు లేవు. తెర మీద వచ్చే అక్షరాలు కూడా కొద్దిగానే. నిడివి సుమారు గంట. పిల్లలు నవ్వుతారు, పెద్దలు కళ్ళు తుడుచుకుంటారు. ఒక పేద తల్లి పసిబిడ్డను డబ్బున్నవాళ్ళ కారులో వదిలి వెళ్తుంది. దొంగలు ఆ కారు ఎత్తుకుపోతారు. బిడ్డ ఒక దిక్కులేని మనిషికి దొరుకుతాడు. అతనే చాప్లిన్. చిరుగుల దుప్పటితో, కెటిల్‌కు పీక కట్టి పాలు పట్టి, ఆ బిడ్డను పెంచుతాడు. ఐదేళ్ళ తర్వాత అధికారులు వచ్చి పిల్లవాడిని అనాథాశ్రమానికి లాక్కుపోబోతారు.

మాట్లాడుకోండి

ఆ తల్లి బిడ్డను వదిలి వెళ్ళింది. ఆమెకు వేరే దారి ఉందా? బిడ్డ తండ్రిని ఎవరూ ఎందుకు అడగలేదు?

మరియ దుప్పట్లు తాకట్టు పెట్టింది. మీ ఇంట్లో కష్టం వచ్చినప్పుడు మొదట తాకట్టుకు వెళ్ళే వస్తువు ఎవరిది?

అపు పూసల దండను చెరువులో పారేశాడు. అమ్మకు చెప్పి ఉంటే ఏం జరిగేది?

మీ ఊళ్ళో సినిమా వేస్తే ఏ రోజు, ఏ వేళ మీకు వీలవుతుంది? ఒక కాగితం మీద రాసి సంఘంలో చదవండి.